గిరి లోపల ఇద్దరే

మూడు నెలలు కూర్చుని రాసినదాన్ని మా మరదలు మూడు మాటల్లో తీసిపారేసింది.

"ఇది ఆడలేం, బావా."

ఆదివారం సాయంత్రం అయిదు కావస్తోంది. వాళ్లింటి వెనకగదిలో బల్ల చుట్టూ నలుగురం కూర్చున్నాం. బల్ల మీద గళ్ల కాగితం, దాని మీద శత్రువులుగా నిలబెట్టిన సీసా మూతలు, రంగురంగుల పాచికలు, చల్లారిపోయిన టీ. నా ముందు పద్నాలుగు పేజీల కాగితాల కట్ట. మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో 'ద్వంద్వవీరుడు' అని రాసి, కింద స్కేలు పెట్టి రెండు గీతలు కొట్టాను. ఆ గీతలు ఇప్పుడు నన్నే వెక్కిరిస్తున్నట్టున్నాయి.

ఇది తెర మీద ఆడే ఆట కాదు. కాగితం, పెన్సిలు, పాచికలు, నోరు ఉంటే చాలు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని, ఫలానా పని చేస్తానని చెప్పి పాచిక వేస్తారు. పాచిక చెప్పినదాన్ని బట్టి కత్తి తగలడమో, గోడ మీంచి జారిపడటమో జరుగుతుంది. దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది, ఎంత తగిలిందన్నది ఇంకో చిన్న పాచిక. యోధుడు, మంత్రగాడు, దొంగ, వైద్యుడు అంటూ పాత్రల తరగతులన్నీ ఒక లావుపాటి పుస్తకంలో ఉంటాయి. ఒక్కో తరగతికి కొన్ని శాఖలు. అవి చాలవనుకున్నవాళ్లు ఇంట్లో కూర్చుని సొంత శాఖ ఒకటి రాసుకుంటారు. రాయడం తేలికే, దాన్ని తూకానికి తేవడమే కష్టం. బలం ఎక్కువైతే పక్కవాళ్లు వెలవెలబోతారు, తక్కువైతే రాసినవాడు నవ్వులపాలవుతాడు.

తూకం సంగతి నాకు చెప్పక్కర్లేదనుకున్నాను. తూనికల పరీక్షశాలలో ఇరవై ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. నేను సరిచూసి ముద్ర వేసిన కాటా మీద మళ్లీ ఫిర్యాదు రావడం అరుదు.

నా వీరుడి పద్ధతి ఇది. శత్రువుల్లో ఒకణ్ని ఎంచుకుని సవాలు చేస్తాడు. కత్తి మొనతో ఇద్దరి చుట్టూ నేల మీద గిరి గీస్తాడు. ఆ క్షణం నుంచి లోపలున్నది ఇద్దరే. మూడోవారు లోపలికి రాకూడదు, బయటినుంచి బాణం వెయ్యకూడదు, మంత్రం పంపకూడదు, గాయం మాన్పకూడదు. అలా ఒంటరిగా నిలబడ్డందుకు ప్రతి రౌండుకీ అతని దెబ్బకి బలం ఒక మెట్టు పెరుగుతుంది. మొదటి చిత్తులో దెబ్బకి ఎనిమిది ముఖాల పాచిక ఇచ్చాను. ఇంట్లో ఒక్కణ్నే రెండువైపులా పాచికలు వేసుకుంటూ వంద పోరాటాలు ఆడి చూస్తే డెబ్బై ఒకటి గెలిచాడు. ఎక్కువ. ఆరు ముఖాలకి దించాను. బలం పెరగడం మూడో రౌండు నుంచి మొదలుపెట్టాను. మళ్లీ వంద, మళ్లీ వంద. పుస్తకంలోని మామూలు యోధుడు, వైద్యుడి సాయంతో, అదే రాక్షసుడి మీద నూటికి యాభై అయిదుసార్లు గెలుస్తాడు. నావాడు ఎవరి సాయమూ లేకుండా యాభై నాలుగు. మా పరీక్షశాలలో అయితే ఆ తేడాకి కళ్లు మూసుకుని ముద్ర వేస్తాం.

"ఆడలేకపోవడమేంటి? లెక్క చూశావా?" అన్నాను.

"లెక్క బానే ఉంది. మనుషులే బాలేరు." మా మరదలు బల్ల చుట్టూ చెయ్యి తిప్పి చూపించింది. "నీ ద్వంద్వం నలభై నిమిషాలు సాగింది. ఈవిడ ఆ నలభై నిమిషాల్లో ఏం చేసిందో చూడు."

ఈవిడ అంటే పళ్ల డాక్టరమ్మ. ఆటలో దొంగ పాత్ర ఆమెది. తన ముందున్న కాగితం మీద ముప్పై రెండు పళ్లూ వరసగా గీసి, రెండు దవడ పళ్లకి పిప్పి కూడా దిద్దింది.

"నన్ను మధ్యలోకి లాగకండి," అంది ఆమె. "నాకు ఖాళీగా కూర్చోవడం అలవాటే. మత్తు ఎక్కేదాకా రోజూ కూర్చుంటాను."

"మా ఆయన ఏకంగా వంటింట్లోకి వెళ్లి కుళాయి బాగుచేసి వచ్చాడు."

మా తోడల్లుడు తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. బడి బస్సు డ్రైవరు. ఎదుటి బండివాడిదే తప్పయినా తనే చెయ్యెత్తి దారిచ్చే రకం. "కుళాయి చాన్నాళ్ల నుంచి కారుతోంది అన్నయ్యా," అన్నాడు, నా తప్పేం లేదన్నట్టు.

నాకు కోపం వచ్చింది. నాకు కోపం చేతకాదు. వచ్చినా దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, అతిథికి కుర్చీ దొరకని ఇల్లులా అయిపోతాను. కానీ ఆ రోజు వచ్చింది.

"ఎదుటివాడు గొప్పగా పోరాడుతుంటే చూడటం కూడా ఆటే. ఓపిక ఉండాలి."

"ఓపిక గురించి మాకు చెప్పకు."

"కథ నడిపేదానివి నువ్వు. నీకు తొందరెక్కువ. మీ అక్క ఉంటే కాగితం పూర్తిగా చదివి మరీ మాట్లాడేది."

అనకూడని మాట అది. నోరు జారాక తెలిసింది.

మా ఆవిడ పోయి రెండేళ్లయింది. ఈ బల్ల మొదట అక్కచెల్లెళ్లిద్దరిదీ. తొమ్మిదేళ్లు వదలకుండా ఆడారు. అప్పట్లో నేను ఆవిణ్ని ఇక్కడ దింపి, వాకిట్లో పేపరు చదువుకునేవాణ్ని. ఆవిడ పోయిన ఆరో నెలలో మరదలు ఫోన్ చేసి, "ఆదివారం మూడింటికి రా బావా, ఒక మనిషి తక్కువయ్యాడు," అంది. పరామర్శ లేదు, ఓదార్పు లేదు. అంతకంటే మంచిమాట ఆ ఏడాది నాతో ఎవరూ అనలేదు. మిగతా ఆరు రోజుల్లో నేను మాట్లాడే మాటలన్నీ కలిపినా పోస్టుకార్డు నిండదు. ఏడో రోజు ఈ గదిలో అరుస్తాను, నవ్వుతాను, బిస్కెట్టు కోసం పోట్లాడతాను.

మరదలు లేచి నిలబడింది.

"అక్క పేరెత్తకు. అక్క ఉన్నప్పుడు కూడా నువ్వు ఇదే రూలు పెట్టావు."

"ఏ రూలు?"

"ఈ రూలే! లోపల ఇద్దరే, మూడోవారు రాకూడదు. అక్క మంచం పట్టిన ఏడు నెలలూ బావా. బల్ల మేమే మోసుకొస్తాం, మంచం పక్కన వేసుకుని గంటసేపు ఆడి వెళ్లిపోతాం అన్నాం. ఎన్నిసార్లు అన్నాం? ఈయన బస్సు కూడా సిద్ధం చేశాడు. నువ్వు గుమ్మంలో నిలబడి, తలుపు సగమే తీసి, 'డాక్టర్లు విశ్రాంతి అన్నారు' అనేవాడివి. ఆ సగం తలుపులోంచి నాకు అక్క కాళ్లు మాత్రం కనిపించేవి."

"డాక్టర్లు అన్నదే చెప్పాను."

"సరే, అన్నారు. ఇక్కడ ఏ డాక్టరూ లేడు కదా? ఈవిడ తప్ప?"

"నేనేం అనలేదు," అంది పళ్ల డాక్టరమ్మ మెల్లిగా.

"వచ్చే ఆదివారం కొత్త కథ మొదలు," అంది మరదలు. "పాత్ర ఏదైనా తెచ్చుకో. ఇది మాత్రం వద్దు."

కాగితాలు సర్దుకున్నాను. తొందరలో పేజీల వరస తప్పింది. "ఇదైతేనే వస్తాను. లేకపోతే రాను. ఇక ఎప్పటికీ రాను," అన్నాను. చిన్నపిల్లవాడు ఆటలోంచి లేచిపోయినట్టు లేచి, చెప్పులు తప్పుడు కాళ్లకి తొడుక్కుని బయటికొచ్చాను.

వీధి చివర తోడల్లుడు నన్ను అందుకున్నాడు. చేతిలో నా కళ్లజోడు పెట్టె. ఇచ్చి వెంటనే వెళ్లలేదు. బస్టాపులో నా పక్కనే నిలబడి, "మీ నంబరు బస్సు ఆదివారం పది నిమిషాలు లేటండీ," అన్నాడు. వాళ్లావిణ్ని తప్పు పట్టలేదు, నన్నూ తప్పు పట్టలేదు. బస్సొచ్చాక డ్రైవరుతో ఏదో చెప్పి వెళ్లాడు. నేను దిగాల్సిన చోట డ్రైవరు వెనక్కి తిరిగి, "మీదే సార్," అన్నాడు.

అంత మంచితనం కూడా నా కోపాన్ని తగ్గించలేదు. పైగా ఇంకొంచెం పెంచింది. వాళ్లు మంచివాళ్లయితే తప్పు నాదే కావాలి కదా.

సోమవారం పంచదార డబ్బా మూత రాకపోతే గరిటె పెట్టి కొట్టాను. మంగళవారం సాయంత్రం భోజనాల బల్ల మీద మళ్లీ పాచికలు పరిచాను. ఇంకో రెండువందల పోరాటాలు ఆడి, పక్కా లెక్కలు మరదలి మొహాన కొట్టాలని. ఒక చేత్తో నా వీరుడికీ, ఇంకో చేత్తో రాక్షసుడికీ వేస్తూ పోయాను. యాభై మూడు, యాభై అయిదు. చూశావా, యాభై అయిదు! చెప్పడానికి గదిలో ఎవరూ లేరు.

బుధవారం పరీక్షశాలలో మిల్లీగ్రాములు తూచే సన్నకాటా పని పడింది. దాని చుట్టూ గాజు పెట్టె ఉంటుంది. తూచేటప్పుడు గాజు తలుపులు మూసెయ్యాలి. మనిషి ఊపిరి తగిలినా ముల్లు కదులుతుంది. అందుకే అలాంటి రోజు గదిలోకి ఎవర్నీ రానివ్వం, పంకా ఆపేస్తాం, నేను కూడా మొహం పక్కకి తిప్పుకుంటాను. ఇరవై ఎనిమిదేళ్లలో నాకు అబ్బిన విద్యంతా ఇదే. అందర్నీ బయటికి పంపి తలుపు మూస్తేనే సరైన తూకం వస్తుంది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన నా ఆట నోటుపుస్తకం తెరిచాను. అందులో ముందే నాలుగు గళ్లు గీసి ఉన్నాయి. రౌండు, నా దెబ్బ, వాడి దెబ్బ, మిగిలిన ప్రాణం. అయిదువందల పోరాటాలు, వేల అంకెలు. ఎందుకో స్కేలు తీసి పక్కన అయిదో గడి గీసి, పైన 'మిగతావాళ్లు' అని రాశాను. మొదటి రౌండు ఎదురుగా ఏం రాయాలా అని ఆలోచించాను. ఏమీ లేదు. రెండో రౌండుకీ ఏమీ లేదు. ఆరో రౌండు దాకా ఆ గడి తెల్లగానే ఉంది. పోరాటం సగటున ఆరు రౌండ్లు. రౌండుకి ఆరేడు నిమిషాలు. నలుగురు కూర్చునే బల్లని ఇంట్లో ఒక్కణ్నే పరీక్షించాను. గాజు తలుపులు మూసి.

దాంతో కోపం తగ్గాలి. తగ్గలేదు. అబద్ధం చెప్పినవాళ్ల మీద కోపం త్వరగా చల్లారుతుంది, నిజం చెప్పినవాళ్ల మీద వచ్చినదే రోజుల తరబడి కాల్చుకు తింటుంది. మరదలు ఆట గురించి అన్నది నిజమైతే, రెండో మాట కూడా నిజమే. అది ఎంత నిజమో ఆవిడకి కూడా పూర్తిగా తెలియదు.

గురువారం సగం రోజు సెలవు పెట్టి ఆమె పనిచేసే ఆస్పత్రికి వెళ్లాను. ఫిజియోథెరపీ గదిలో కీళ్లు పట్టేసినవాళ్లకి వ్యాయామం చేయిస్తుంది. గోడ పొడుగునా బార్లు, మూలన రబ్బరు బంతులు, మందు నూనె వాసన. ఒక పెద్దాయన బల్ల మీద కూర్చుని ఉంటే ఆయన కుడి భుజం పైకెత్తిస్తోంది. ఆయన ఒకప్పుడు బ్యాండుమేళం నడిపేవారట, భుజం బిగుసుకుపోయింది.

"ఏంటి బావా, నడుం నొప్పా?" అంది నా వైపు చూడకుండానే.

"కాదు."

"మరి? ఇక్కడ నొప్పి లేనివాళ్లకి కుర్చీ వెయ్యం."

నిలబడే ఉన్నాను. "ఆ రూలు గురించి నువ్వన్నది నిజం. నలభై నిమిషాలు మిమ్మల్ని కట్టిపడేసి కూర్చున్నాను."

"ఆ ముక్క ఫోన్లో చెప్పచ్చుగా. పైకి లేపండి, ఇంకొంచెం, ఇంకొంచెం."

"ఇంకోటి ఉంది."

"చెప్పు. ఈయనకి వినబడుతుందని మొహమాటపడకు, అన్నేళ్లు డోలు పక్కన నిలబడ్డాడు, సగం చెవుడు."

"సగం కాదమ్మా, పావు," అన్నాడు పెద్దాయన.

బస్సులో వరసగా పేర్చుకొచ్చిన మాటలన్నీ చెదిరిపోయాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. "డాక్టర్లు విశ్రాంతి అనలేదు."

ఆమె చెయ్యి ఆగలేదు. "ఏంటీ?"

"మీ అక్క విషయంలో. ఆ పెద్ద డాక్టరు అన్నది వేరే. 'నలుగురూ వస్తూపోతూ ఉంటే మంచిదే, ఆవిడకి ఏది ఇష్టమైతే అది చెయ్యనివ్వండి' అన్నాడు. వద్దన్నది నేను. ఉన్న నెలలు ఎన్నో నాకు చెప్పాడు. వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. అందులోంచి ఒక్క గంట కూడా ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. ఆఖరికి నీకు కూడా."

గది అవతల ఎవరో బంతి జారవిడిచారు. అది దొర్లుకుంటూ గోడదాకా పోయింది.

"అమ్మా," అన్నాడు పెద్దాయన, "కోపం ఆయన మీద. లాగుతున్నది నా చెయ్యి."

ఆమె ఆయన చేతిని మెల్లిగా దించి ఒళ్లో పెట్టింది. అంత కోపంలోనూ ఆ చేతిని ఎంత జాగ్రత్తగా దించిందో చూశాను. తర్వాత నా వైపు తిరిగింది. ఆమె మొహం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"రెండేళ్లు," అంది. "రెండేళ్లుగా ఆ డాక్టర్ని తిట్టుకుంటున్నాను. ఇదే ఆస్పత్రి. రోజూ ఇదే వరండాలో ఎదురుపడతాడు. ఆయన నమస్కారం పెడితే మొహం తిప్పుకుంటాను. పోయిన నెల ఆయన కూతురి పెళ్లికి అందర్నీ పిలిచాడు. అందరూ వెళ్లారు, నేను వెళ్లలేదు. మా అక్కకి ఆఖరి కోరిక తీరకుండా చేసిన మనిషింట్లో అన్నం తినను అన్నాను. ఆయన స్టాఫుకే చెప్పాను! ఇప్పుడు రేపు పొద్దున్న ఆయన ఎదురైతే ఏం చెయ్యమంటావు?"

"నేను వెళ్లి చెప్తాను."

"నువ్వేం చెప్పకు! నీ నోటితో చెప్పిన మాటలు చాలు." గొంతు తగ్గించింది. తగ్గిన గొంతుకి ఇంకా భయం వేసింది. "అక్కకి తెలుసా?"

"తెలుసు."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. ఒకసారి మాత్రం, గడియారం చూసి, 'ఇవాళ ఆదివారం కదూ' అంది."

ఆమె చేతిలో ఉన్న తువ్వాలుని మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

"ఫో బావా. ముందు ఇక్కణ్నుంచి ఫో."

గుమ్మం దాటుతుంటే వెనకనుంచి కేక. "ఆదివారం మూడింటికి ఆ కాగితాలు పట్టుకురా. రాకపోయావో, ఈసారి తలుపు సగం తీసి మాట్లాడే పని ఉండదు, బద్దలు కొట్టుకుని వస్తా. ఆ రూలు మాత్రం నువ్వు దిద్దకు. మేం దిద్దుతాం."

తలుపు పడేలోపల పెద్దాయన గొంతు వినబడింది. "ఎడమ చెయ్యి బానే ఉందమ్మా నాకు. దాన్ని లాక్కో కావాలంటే."

శుక్ర, శనివారాలు ఎలా గడిచాయో చెప్పను. వెళ్లకూడదని పదిసార్లు అనుకున్నాను. వెళ్లకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. సోమవారం ఎలా ఉంటుందో ఆదివారం కూడా అలాగే ఉంటుంది. ఇక ఎప్పటికీ అంతే. ఆ బల్ల దగ్గర కుర్చీ ఒకటి తప్ప నేను పోగొట్టుకోవడానికి ఇంకేం మిగల్లేదు.

మూడుకి అయిదు నిమిషాలుండగా వెళ్లాను. పళ్ల డాక్టరమ్మ తలుపు తీసి, "రండి తూకాలాయనా, మీ కోసం వధ్యశిల సిద్ధంగా ఉంది," అంది. నా కుర్చీ నా చోటే ఉంది. దాని మీద ఎవరూ బట్టలు కూడా వెయ్యలేదు.

మరదలు నాతో మాట్లాడలేదు. నా కాగితాలు లాక్కుని, గిరి రూలు ఉన్న పేజీ తీసి, దాన్ని అడ్డంగా కొట్టేసి వెనక్కి తిప్పింది. పెన్సిలు చేతులు మారుతూ తిరిగింది. ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం రాశారు. పళ్ల డాక్టరమ్మ, 'గిరిలోకి ఒక్కరు రావచ్చు' అని రాసింది. మా తోడల్లుడు చాలాసేపు ఆలోచించి, 'వీరుడు నోరు తెరిచి పిలవాలి' అని రాశాడు. చివరికి మరదలు, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా అదిమి, 'పిలిచినా రావాలని లేదు' అని రాసింది.

నా బుర్ర ఊరుకోదు కదా. లోపలికి ఒకరొచ్చి గాయం మాన్పితే వీరుడు నూటికి అరవై ఎనిమిది గెలుస్తాడు. తూకం మొత్తం పోయింది. ఆ అంకె పెదవుల దాకా వచ్చింది. టీతో పాటు మింగేశాను.

"ఇవాళ కథ నేను నడపను," అంది మరదలు. "ఈయన నడుపుతాడు. నేను ఆడతాను. వైద్యురాలిగా."

తోడల్లుడు జన్మలో మొదటిసారి కథ నడపడం. బస్సు ఎక్కబోయే పిల్లల్ని లెక్కపెట్టినట్టు ముందు మా ముగ్గుర్నీ లెక్కపెట్టుకున్నాడు. "మీరు ఒక వంతెన దగ్గరికి వచ్చారండీ. వంతెన మీద ఒక దళపతి ఉన్నాడు. ఇద్దరు భటులు కూడా ఉన్నారు, పాపం. వెళ్లనివ్వం అంటున్నారు. ఏమీ అనుకోకండి."

"శత్రువులు క్షమాపణ చెప్పకూడదండీ," అంది పళ్ల డాక్టరమ్మ.

"అలవాటైపోయిందమ్మా."

నా వీరుడు దళపతిని సవాలు చేశాడు. గిరి గీశాడు. మరదలూ, పళ్ల డాక్టరమ్మా బయట భటులతో తలపడ్డారు. రెండు రౌండ్లు బాగానే నడిచింది. మూడో రౌండులో దళపతికి పంతొమ్మిది పడింది. నాలుగో రౌండులో మళ్లీ పదిహేడు. ఆ రెండు దెబ్బలకీ నా ప్రాణం ఇరవై రెండు నుంచి మూడుకి వచ్చింది. భటులిద్దరూ కూలిపోయారు. బయట ఇద్దరూ ఖాళీగానే ఉన్నారు. నా వంతు వచ్చింది.

నేను పాచికని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాను.

"తూకాలాయనా," అంది పళ్ల డాక్టరమ్మ, "నోట్లో ఏమైనా ఉందా? చూపించండి."

ఆవిణ్ని పిలిస్తే చాలు, కుర్చీలోంచి గెంతి వచ్చేది. ఆవిడ దొంగ దగ్గర ఒక మందు సీసా కూడా ఉంది. తోడల్లుడు ఆవిడ వైపు కళ్లతో సైగ చేశాడు, పిలిచెయ్యండి అన్నయ్యా అన్నట్టు.

నేను మరదలి వైపు తిరిగాను. ఆమె తన కాగితాన్నే చూస్తోంది.

"రా అమ్మా," అన్నాను. "నా వల్ల కావట్లేదు. లోపలికి రా."

ఆట మాటలే అవి. ఆటలో ఎవరైనా అలాగే అంటారు. కానీ గదిలో గడియారం చప్పుడు వినిపించింది.

ఆమె తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపంలో నీళ్లు రానివ్వని మనిషి, అప్పుడూ రానివ్వలేదు.

"రాను," అంది.

"పోనీలేవే..." అన్నాడు తోడల్లుడు.

"రూల్లో ఉంది. రాను. వెయ్యి పాచిక."

ఆయన వేశాడు. వేసి, ఆ అంకెను చేత్తో మూయబోయి, మూయలేక తీసేశాడు. పద్దెనిమిది. దెబ్బ తొమ్మిది. నా దగ్గరున్నది మూడు.

"పడిపోయారు అన్నయ్యా," అన్నాడు. "సారీ."

"నన్ను పిలిస్తే వచ్చేదాన్ని కదండీ," అంది పళ్ల డాక్టరమ్మ.

"తెలుసు," అన్నాను.

లేచి వెళ్లడానికి అంతకంటే మంచి అవకాశం రాదు. పాత్ర చచ్చిపోయింది, ఎవరూ తప్పు పట్టరు. చెప్పులు ఎక్కడున్నాయో కూడా గుర్తుంది. గుమ్మంలో నిలబడి అక్క కాళ్లు మాత్రం చూసిన మనిషి నాకు ఎదురుగా కూర్చుని ఉంది. ఎన్ని ఆదివారాలు అలా వెనక్కి తిరిగి వెళ్లిందో లెక్క నాకు తెలియదు. ఆ గడి నేనెప్పుడూ గియ్యలేదు. పెన్సిలు కింద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చూస్తూ.

గిరి చెరిగిపోయింది. దళపతి ఇప్పుడు వాళ్లిద్దరి మీదికి వచ్చాడు. మంచి పోరాటం. ఆడకుండా చూస్తూ కూర్చున్నవాడికి గళ్ల కాగితం సరిగ్గా కనబడదని నాకు అప్పుడే తెలిసింది. టీ కెటిలు అడ్డం వస్తుంది. తోడల్లుడు మాట్లాడుతూ మాట్లాడుతూనే కెటిలు తీసి కింద పెట్టాడు. ఇంకాసేపటికి పాచికలు, పుస్తకం, సీసా మూతలు అన్నీ ఒకేసారి పట్టుకోబోయి, అన్నీ జారవిడిచాడు.

"అన్నయ్యా, నాకు చేతులు చాలట్లేదు. ఈ దళపతి పాచికలు మీరు వెయ్యండి."

మరదలు ఆయన వైపు కొరకొరా చూసింది. ఆయన ఆ చూపు పడకుండా కింద పడ్డ మూత కోసం బల్ల కిందికి దూరాడు. వాళ్లావిడతో పాతికేళ్లు కాపురం చేసిన మనిషి, ఎప్పుడు బల్ల కిందికి దూరాలో ఆయనకి తెలుసు.

ఇరవై ముఖాల పాచిక తీసుకున్నాను. "ఎవర్ని కొట్టమంటావు?" అని బల్ల కిందికి అడిగాను.

జవాబు బల్ల పైనుంచే వచ్చింది. "నన్నే," అంది మరదలు. "కొట్టు."

వేశాను. పదహారు.

"తగిలింది," అన్నాను.

"ఎంత?"

"ఏడు."

ఆమె తన అంకె చెరిపేసి, గట్టిగా కొత్త అంకె రాసి, రబ్బరు పొడి నా వైపుకి ఊదింది. దవడ బిగిసి ఉంది.

"పళ్లు అలా కొరక్కండి, అరిగిపోతాయి," అంది పళ్ల డాక్టరమ్మ.

"అరగనీ," అంటూ మా మరదలు పాచిక అందుకుంది. "కాసుకో బావా."